సాముకీ శ్రమకీ చుట్టరికం

మన కాలేజీలో ఆడపిల్లల ఆత్మరక్షణ శిబిరం అనగానే నోటీసు బోర్డు మీద ఒకటే రకం బొమ్మ కనిపిస్తుంది. తెల్ల డ్రెస్సులో ఒక అమ్మాయి గాల్లోకి కాలు లేపి ఉంటుంది. ఎదురుగా ముఖం లేని ఒక నల్ల నీడ. చెయ్యి పట్టుకుంటే ఎలా విడిపించుకోవాలి, జడ పట్టి లాగితే ఏం చేయాలి, ఇవన్నీ నేర్పిస్తారు. అవసరమే, కాదనను. నేనూ రెండేళ్లూ పేరిచ్చాను.

కానీ ఆ నల్ల నీడ మన జీవితంలోకి ఎన్నిసార్లు వస్తాడో ఎవరూ చెప్పలేరు. రాకుండా ఉంటే అంతకంటే ఏం కావాలి? రోజూ తప్పకుండా వచ్చేవి వేరే ఉన్నాయి. నీళ్ల బిందె, గ్యాస్ సిలిండరు, తడిసి ముద్దయిన దుప్పట్లు, పాతిక కిలోల బియ్యం మూట, గ్రైండరులోంచి తీయాల్సిన రాయి. వీటితో మన ఇళ్లలో ఆడవాళ్లు రోజూ కుస్తీ పడుతున్నారు, రోజూ ఎంతో కొంత ఓడిపోతున్నారు. నలభై ఐదేళ్లకే నడుముకి బెల్టు కట్టుకునే అమ్మలు మన క్లాసులో ఎంతమందికి ఉన్నారో ఒకసారి చేతులెత్తమంటే తెలుస్తుంది. ఈ కుస్తీకి శిబిరం ఎందుకు లేదు?

నేను చెప్పదలుచుకున్నది ఇదీ. పోట్లాట విద్య నేర్చుకున్నవాళ్లు దాన్ని మొదట వాడాల్సింది బరువుల మీద. నేర్పేవాళ్లు కూడా మొదటి రోజే ఆ సంగతి చెప్పాలి.

ఎనిమిదో తరగతి నుంచి నేను సిలంబం నేర్చుకుంటున్నాను. తెలుగులో కర్రసాము అంటాం. మాది మనలి. రిఫైనరీ పొగగొట్టాలు, కంటైనర్ లారీలు, వాటి మధ్యలో ఇళ్లు. నాన్న వైపు తమిళం, అమ్మ వైపు నాయుడుపేట తెలుగు. కర్ర నేర్పే ఆయన్ని మా వైపు వాత్తియార్ అంటాం. ఉత్తర చెన్నైలో బాక్సింగ్ నేర్పినా, కర్ర నేర్పినా ఆ పిలుపే. 2021లో వచ్చిన సార్పట్ట పరంబరై సినిమా చూసినవాళ్లకి గుర్తుండే ఉంటుంది. అందులో హీరో హార్బర్ కూలీ. పగలు బరువులు మోసిన ఒళ్లే సాయంత్రం రింగులోకి దిగుతుంది. 

సిలంబంలో మొదట కర్ర ఇవ్వరు. మా వాత్తియార్ మూడు నెలలు ఇవ్వలేదు. అన్నాళ్లూ కాలడి ఒక్కటే, అంటే అడుగులు వేయడం. నేల మీద గీతలు గీసి, ముందుకు, వెనక్కి, పక్కకి, చుట్టూ తిరుగుతూ. చూసేవాళ్లకి పిల్లలు తొక్కుడుబిళ్ల ఆడుతున్నట్టు ఉంటుంది. అందులో ఆయన పదేపదే చెప్పేవి నాలుగే మాటలు. మోకాలు బిగించకు. బరువు రెండు పాదాల మీదా పంచు. చెయ్యి తిరిగే ముందు నడుము తిరగాలి, నడుము తిరిగే ముందు పాదం తిరగాలి. ఊపిరి బిగపట్టకు.

వీధి చివర పంపు దగ్గర బిందె ఎత్తడానికి కావలసినవీ ఈ నాలుగే. మనం సాధారణంగా ఏం చేస్తాం? కాళ్లు నిటారుగా పెట్టి నడుము దగ్గర వంగుతాం. బిందెని చేతుల చివర పట్టుకుని పైకి లాగుతాం. పాదాలు ఉన్నచోటే ఉంచి ఒంటిని మెలితిప్పి చంకలోకి తెచ్చుకుంటాం. వెన్నుపూసకి ఇంతకంటే చెడ్డ పని లేదు. వస్తువు ఒంటికి ఎంత దూరంగా ఉంటే నడుము మీద అంత ఎక్కువ బరువు పడుతుంది. చీపురుని చివర పట్టుకుని ఒంటిచేత్తో నేలకి సమంగా చాచి చూడండి, ఆ తర్వాత మధ్యలో పట్టుకుని చూడండి, తెలిసిపోతుంది. సిలంబం కర్ర నుదురెత్తు ఉంటుంది. దాన్ని తిప్పడం నేర్చుకున్నవాళ్లకి ఈ లెక్క పుస్తకంలో చదవకుండానే మణికట్టుకి తెలుస్తుంది.

ఒక ప్లాస్టిక్ కుడం నిండా నీళ్లు పడితే సుమారు పదిహేను కిలోలు. సిలిండరులో గ్యాసు 14.2 కిలోలు, ఇనుము బరువు ఇంకో పదిహేను పైచిలుకు, మొత్తం 30 దాకా తూగుతుంది. అమెరికాలో పనివాళ్ల ఆరోగ్యం మీద పరిశోధించే నియోష్ అనే ప్రభుత్వ సంస్థ ఒక లెక్క ఇచ్చింది. అన్నీ అనుకూలంగా ఉన్నప్పుడు కూడా, అంటే వస్తువు ఒంటికి దగ్గరగా, సరైన ఎత్తులో, మెలి తిరగక్కర్లేకుండా ఉన్నప్పుడు కూడా, ఒక మనిషి ఎత్తే బరువు 23 కిలోలు దాటకూడదని. మన వంటింటి సిలిండరు ఆ గీత ఎప్పుడో దాటేసింది. అందుకే దాన్ని ఎత్తకూడదు. ఒక పక్కకి వంచి, అడుగు అంచు మీద నిలబెట్టి దొర్లించాలి. గ్యాస్ తెచ్చే అన్నలు చేసేది అదే. దానితో బలం మీద పోటీ పడరు, దాని నిలకడ తప్పిస్తారు.

జపాన్‌లో 1882లో కానో జిగోరో అనే ఆయన జూడో మొదలుపెట్టాడు. ఆయన మల్లుడు మాత్రమే కాదు, ఉపాధ్యాయుడు. ఎదుటివాణ్ణి ఎత్తే ముందు వాడి నిలకడ తప్పించాలన్నది జూడోలో మొదటి పాఠం. ఉన్న శక్తిని అతి తక్కువ వృథాతో వాడటం అనే సూత్రం గోదాలో ఆగిపోకూడదు, రోజువారీ బతుకులో ప్రతి పనికీ రావాలి అని కానో స్వయంగా చెప్పాడు. కాబట్టి నేను చెప్పేది కొత్తదేమీ కాదు. ది కరాటే కిడ్ సినిమా (1984) చూసినవాళ్లకి ఇది తలకిందులుగా తెలుసు. అక్కడ ముసలి గురువు కుర్రాడి చేత కారు తుడిపిస్తాడు, కంచెకి రంగు వేయిస్తాడు, ఆ చేతి కదలికలే చివరికి కరాటే అని తేలుతుంది. ఆ కుర్రాడికి నాలుగు రోజుల పని. మా ఆయా అదే పని అరవై ఏళ్లు చేసింది, ఆమెకి ఎవరూ బెల్టు ఇవ్వలేదు.

మా ఇంట్లో నాన్నమ్మని ఆయా అని పిలుస్తాం. ఒకసారి వాత్తియార్ మా ఇంటికొచ్చినప్పుడు ఆమె పెరట్లో నీళ్లు మోస్తోంది. చుట్టకుదురు పెట్టుకుని తల మీద ఒకటి, చంకన ఒకటి. చుట్టకుదురుని ఆమె సుమ్మాడు అంటుంది. ఆమె గడప దాటిన తీరు చూసి ఆయన మా వైపు తిరిగి, "పాత్తియా, ఇదుదాన్ కాలడి" అన్నారు. చూశారా, కాలడి అంటే ఇదే అని. తల కదల్లేదు, మెడ బిగుసుకోలేదు, మోకాళ్ల దగ్గర మాత్రం ఒక చిన్న స్ప్రింగు ఉన్నట్టుంది. ఆయాకి ఆ మాట నచ్చలేదు. "అడ పోంగ, ఒరే సిరమం" అని లోపలికి పోయింది.

తెలుగు డిపార్ట్‌మెంటు గోడ మీద రాస్తున్నాను కాబట్టి ఇక్కడ ఒక్క నిమిషం ఆగాలి. తమిళంలో ఇప్పుడు సిరమం అంటే కష్టం, ఇబ్బంది. తెలుగులో శ్రమ అంటే ఒళ్లు వంచి చేసే పని. మరి సాము? నిఘంటువుల ప్రకారం సాము కూడా ఆ శ్రమ అనే మాటకి వికృతే. అంటే ఒకే మాట మూడు ఇళ్లకి కాపరానికి వెళ్లింది. ఒక ఇంట్లో ఇబ్బంది అయింది, ఒక ఇంట్లో చాకిరీ అయింది, ఒక ఇంట్లో గరిడీలో కర్ర తిప్పే విద్య అయింది. నాకు ఇంకా నవ్వొచ్చింది ఏమిటంటే, జపాన్ జెన్ మఠాల్లో సాధువులు ఊడవడం, కట్టెలు కొట్టడం, తోట పని చేయడం సాధనలో భాగంగా చేస్తారు. ఆ పనిని వాళ్లు పిలిచే పేరు కూడా సామే. ఆ మాటకీ మన మాటకీ చుట్టరికం లేదు, ఊరికే చెవికి కలిసింది. కానీ మన సాముకీ శ్రమకీ ఉన్న చుట్టరికం మాత్రం నిజం. మనం మరిచిపోయాం, అంతే.

ఎందుకు మరిచిపోయాం? నాకు తోచింది చెబుతాను. సాము మగవాళ్లది అయింది, శ్రమ ఆడవాళ్లది అయింది. వీరఘట్టంలో పుట్టిన కోడి రామమూర్తి నాయుడి గురించి మనందరికీ తెలుసు. కలియుగ భీముడు. ఇనుప గొలుసులు తెంచాడు, గుండెల మీద ఏనుగుని నిలబెట్టుకున్నాడు. వ్యాయామం నేర్పే చదువు ఆయన చదివింది మన సైదాపేటలోనే. ఆయన గొప్పతనాన్ని నేను తగ్గించడం లేదు. కానీ ఏనుగు ఒక సాయంత్రం ఎక్కి దిగిపోతుంది, టిక్కెట్టు కొని జనం చూస్తారు. బిందె దిగదు.

2019 జూన్ గుర్తుందా? పుళల్, చోళవరం, పూండి, చెంబరంబాక్కం నాలుగు చెరువులూ దాదాపు అడుగంటాయి. మా వీధికి లారీ ఎప్పుడొస్తుందో తెలియదు, వస్తే అందరూ పరుగే. నాకు పదమూడేళ్లు. లైన్లో నిలబడి నేను గమనించింది ఒకటుంది. ఇరవై లీటర్ల వాటర్ క్యాన్ భుజం మీద పెట్టుకుని మెట్లెక్కేది మగవాళ్లు. దానికి డబ్బులిస్తారు. కుడం చంకన పెట్టుకుని మెట్లెక్కేది ఆడవాళ్లు. దానికి ఏమీ ఇవ్వరు. మోసేది ఆ నీళ్లే, ఎక్కేది ఆ మెట్లే. ఇంకో విచిత్రం, చెన్నైకి వచ్చే కృష్ణా నీళ్లు కండలేరు నుంచి పూండి దాకా 150 కిలోమీటర్లకు పైగా కాలువలో పల్లానికి పారుతూ వస్తాయి. మా అమ్మమ్మ గారి జిల్లా దాటుకునే వస్తాయి. అంత దూరం ఎవరి ఒళ్లూ నొప్పి పెట్టకుండా వచ్చిన నీళ్లకి, చివరి నలభై మెట్లకి మాత్రం ఒక ఆడదాని నడుము కావాలి.

ఈ వ్యాసం రాస్తున్నానని చెప్పగానే మా క్లాసులో ఒకమ్మాయి ముఖం మీదే అడిగేసింది. "ఏమే, ఇన్నేళ్లు కర్ర పట్టింది చివరికి చీపురు పట్టడానికా? ఆడపిల్లలు బయటికి రావాలని మనం అంటుంటే నువ్వు మళ్లీ వంటింటికి దారి చూపిస్తున్నావు. నీళ్లు మోయడం సులువు చేస్తే పైపు వేయమని అడిగేవాళ్లు ఎవరుంటారు?"

మంచి ప్రశ్న. రెండు రోజులు దాని గురించే ఆలోచించాను. ఆమె అన్నదాంట్లో సగం ఒప్పుకుంటాను. పనిని సులువు చేసే చిట్కాలన్నీ చివరికి పని చేసేవాళ్ల నెత్తికే చుట్టుకుంటాయి. మిక్సీ వచ్చింది, పచ్చడి రోజూ చేయాలి అయింది. వాషింగ్ మెషీన్ వచ్చింది, దుప్పట్లు వారానికోసారి ఉతకాలి అయింది. నడుము నొప్పి లేకుండా బిందె ఎత్తగలదు అనగానే ఇంకో రెండు బిందెలు ఎత్తమనే ఇళ్లు ఉన్నాయి.

కానీ మిగతా సగం ఒప్పుకోను. పైపు వచ్చేదాకా మా ఆయా నడుము ఆగదు. ఇంకా ముఖ్యమైనది, సాము నేర్చుకున్న ఒంటికి బరువు తెలుస్తుంది. మా వాత్తియార్ ఏదైనా ఎత్తే ముందు ఒక మూల కొంచెం కదిపి చూడమంటారు. అది రెండు చేతులకి లొంగుతుందా, నాలుగు చేతులు కావాలా అన్నది ఆ కదపడంలోనే తెలిసిపోవాలంటారు. తెలియకపోతే మనం ఏం చేస్తాం? "ఆ, ఇదెంత" అని ఎత్తేస్తాం, పట్టేసిన నడుముతో మూడు రోజులు పడుకుంటాం, "వయసు వచ్చేసింది" అని మనల్నే తిట్టుకుంటాం. తెలిసినవాళ్లు "ఇది ఒకళ్ల పని కాదు, ఇంకొకళ్లని పిలవండి" అంటారు. గ్యాస్ సిలిండరుని కింద మెట్ల దగ్గరే దించేసి వెళ్లబోయిన ఒకాయనతో మా అమ్మ మొన్న ఈ మాటే అంది. పైకి తెచ్చే ఖర్చు ధరలోనే ఉంది కదా అంది. ఆయన గొణుక్కుంటూనే తెచ్చాడు. అది కూడా ఆత్మరక్షణే అని నా లెక్క. కాలు గాల్లోకి లేపలేదు, అంతే తేడా.

మా తమ్ముడి సంగతి కూడా చెప్పాలి, వాడు చదివినా పర్వాలేదు. వాడూ నాతోపాటే సిలంబం నేర్చుకున్నాడు. పొంగల్‌కి వీధిలో రెండు చేతుల్తో రెండు కర్రలు తిప్పితే ఈలలే ఈలలు. నీళ్ల టైముకి మాత్రం వాడికి ట్యూషన్ ఉండేది. అమ్మ కూడా "మగపిల్లాడు చంకన బిందె పెట్టుకుంటే వీధిలో ఏమనుకుంటారు" అనేది. నేను వాదించలేదు. వాత్తియార్‌తో చెప్పాను. ఆయన మరుసటి రోజు క్లాసులో అందరికీ ఒక కొత్త పాఠం పెట్టారు. నిండు కుడంతో కాలడి. నీళ్లు ఒలికితే మొదటి నుంచి. మగపిల్లలు పదకొండు మంది, వాళ్లలో తొమ్మిది మందికి మోకాళ్ల దాకా తడిసింది. మా తమ్ముడు ఆ తొమ్మిది మందిలో ఉన్నాడు. ఇప్పుడు వాడే అడిగి మోస్తాడు. పందెంలా మోస్తాడనుకోండి, అయినా నీళ్లు వస్తున్నాయి కదా.

అన్నిటికీ సాము పనికొస్తుందని నేను అనను. దోసె తిప్పడానికి సిలంబం అక్కర్లేదు. కానీ కొన్ని చోట్ల ఇది ఆశ్చర్యంగా కలుస్తుంది. దుప్పటి పిండేటప్పుడు మణికట్టుతో పిండితే రెండో దుప్పటికే చేతులు పీకుతాయి. ఒక కొన కుళాయికి చుట్టి, మోచేతులు ఒంటికి ఆనించి, నడుముతో తిరిగితే నీళ్లు ధారగా కారతాయి. ఊడ్చేటప్పుడు మనందరం ఒకే వైపు వంగుతాం. కర్రలో కుడి ఎంత తిప్పితే ఎడమ అంత తిప్పాలి. చీపురూ అలాగే చేతులు మార్చాలి, బిందె కూడా చంక మార్చాలి. మా ఆయాకి ఎడమ తుంటి కుడిదానికంటే కిందికి ఉంటుంది. అరవై ఏళ్లు ఒకే చంకన మోసింది. ఆమెకి అడుగు ఎవరూ నేర్పక్కర్లేదు, ఇది మాత్రం ఎవరైనా చెప్పి ఉండాల్సింది.

2023 డిసెంబరులో మిచాంగ్ తుఫాను వచ్చినప్పుడు మా వైపు నీళ్లు నిలిచాయి. ఆ నీళ్ల మీద నూనె తెట్టు ఉంది. ఎన్నూరు వైపు పడవలూ వలలూ నల్లగా అయిపోయిన ఫొటోలు మీరూ పేపర్లలో చూసి ఉంటారు. మా గడప దగ్గర మోకాలి లోతు. పాదం పెడితే జర్రున జారిపోతోంది. ఆయాని కుర్చీలో కూర్చోబెట్టి నేనూ తమ్ముడూ పక్కింటి మేడ మీదికి మోశాం. ముందు కాలి బొటనవేలితో నేల తడమడం, గట్టిగా ఉందని తెలిశాకే బరువు వేయడం, ఇద్దరి అడుగూ ఒకేసారి పడేలా పైకి లెక్కపెట్టడం. ఒండ్రు, రెండు, మూణు. ఆత్మరక్షణ శిబిరంలో చెప్పే ఏ దెబ్బా ఆ రోజు మాకు అక్కరకు రాలేదు. మొదటి మూడు నెలల కాలడే వచ్చింది. కుర్చీలో కూర్చున్న ఆయా మాత్రం దారంతా "మెల్ల, మెల్ల" అని మమ్మల్ని తిడుతూనే ఉంది.

కాబట్టి మేడమ్‌లకి నా విన్నపం. వచ్చే శిబిరంలో కాలు లేపడం నేర్పండి, ఒక గంట మాత్రం బరువు ఎత్తడానికి ఇవ్వండి. నిజమైన నిండు కుడం, నిజమైన మూట తెప్పించండి. ఆ గంటకి మా అమ్మల్ని కూడా పిలవండి. వాళ్ల నడుములు మా కంటే ముందే అరిగాయి. అబ్బాయిల కాలేజీల్లో కూడా ఇదే గంట పెట్టమని ఎవరైనా రాస్తే ఆ ఉత్తరం మీద నేను మొదటి సంతకం పెడతాను.

అప్పటిదాకా ఆగక్కర్లేదు కూడా. మన డిపార్ట్‌మెంటు ఫంక్షన్‌కి ప్రతిసారీ బెంచీలు బయట పెట్టాలంటే వాచ్‌మన్ అన్న కోసం అరగంట ఎదురుచూస్తాం, ఆయనకేమో అప్పటికే భుజం నొప్పి. ఈ శుక్రవారం మధ్యాహ్నం రెండో పీరియడ్ అయ్యాక రెండో అంతస్తు నుంచి పద్నాలుగు బెంచీలు కింది హాల్లోకి దించాలి. ఒక్కో బెంచీకి నలుగురు, మెట్ల మలుపులో లెక్కపెట్టడానికి ఒకరు. పేర్లు ఈ కాగితం కింద పెన్సిలుతో రాయండి. చీర కట్టుకుని రాకండి, జారే చెప్పులు అసలు వద్దు.